ఆర్‌ఎక్స్ 100 ముందు ఫోర్కులు: ఆయిల్ మార్చే ముందు కొలవవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ ఆర్‌ఎక్స్ 100 అనే యమహా బైకు 1994 నాటిది. బ్రేకు పట్టినప్పుడు ముందు భాగం బాగా కిందికి దిగిపోతోంది, స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ఫోర్కుల్లో ఇనుముకు ఇనుము తగిలినట్టు ‘టక్’మని చప్పుడు వస్తోంది. మెకానిక్ రెండు ఫోర్కుల్లోనూ 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పోసి, స్ప్రింగుల మీద మూడేసి నాణేలు పెట్టి మూతలు బిగించాడు. అప్పటి నుంచి చిన్న గతుకులకే మణికట్లు నొప్పి పుడుతున్నాయి, బ్రేకు పట్టినప్పుడు దిగడం మాత్రం పెద్దగా తగ్గలేదు. ఇంకా చిక్కటి ఆయిల్ పోయాలా, గట్టి స్ప్రింగులు కొనాలా అని అడిగారు.

ఇప్పటికి ఆ రెండూ వద్దు. ముప్పై ఏళ్లు దాటిన ఫోర్కును దారికి తేవడంలో పని కన్నా పని వరుస ముఖ్యం. మొదట పైపులు అడ్డు లేకుండా జారుతున్నాయో లేదో చూడాలి, తర్వాత మీ బరువుకు స్ప్రింగు ఎంత కుంగుతోందో కొలవాలి, ఆ రెండూ కుదిరాకే ఆయిల్ సంగతి ఆలోచించాలి. మీ మెకానిక్ చివరి మెట్టు దగ్గర మొదలుపెట్టాడు. పాత బళ్ల ముందు షాకులు పాడైపోయాయని నా దగ్గరికి తెచ్చినవారిలో ఎక్కువమంది బళ్లకు జరిగింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

1985 నుంచి 1996 వరకు తయారైన ఈ బండికి ఉన్నది డ్యాంపర్ రాడ్ రకం టెలిస్కోపిక్ ఫోర్కు. క్రోమ్ పూసిన ఇనుప పైపు అల్యూమినియం బాటమ్‌లోకి (చక్రాన్ని పట్టి ఉంచే కింది గొట్టంలోకి) దిగుతూ లేస్తూ ఉంటుంది. పైపు లోపల పొడవాటి స్ప్రింగు, దాని కింద చిన్న చిన్న రంధ్రాలున్న ఒక సన్నని గొట్టం ఉంటాయి. ఆ గొట్టమే డ్యాంపర్ రాడ్. దాన్ని బాటమ్ అడుగు నుంచి ఒక అలెన్ బోల్టు పట్టి ఉంచుతుంది. ఫోర్కు కుంగినప్పుడు ఆయిల్ ఆ రంధ్రాల గుండా దూరి పోవాలి, లేచినప్పుడు తిరిగి రావాలి. ఇందులో తిప్పి సరిచేసుకునే స్క్రూలు ఏమీ లేవు. మన చేతిలో ఉన్నవి మూడే: స్ప్రింగు మీద ముందుగా పెట్టే ఒత్తిడి, ఆయిల్ చిక్కదనం, ఆయిల్ మట్టం. ఈ మూడూ మూడు వేర్వేరు పనులు చేస్తాయి. ఒకటి చేయవలసిన పనిని మరొకదానితో చేయించబోతే బండి మీకు ఇప్పుడున్న స్థితికే వస్తుంది.

చిక్కటి ఆయిల్ మీ చేతులను ఎందుకు అదరగొడుతోందో చెబుతాను. చిన్న రంధ్రంలోంచి ద్రవాన్ని వేగంగా తోసినప్పుడు ఎదురయ్యే అడ్డు ఆ వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు నెమ్మదిగా కుంగుతుంది కాబట్టి ఆయిల్ ఎంత చిక్కగా ఉన్నా అడ్డు తక్కువే, దిగడం కొంచెం ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. గతుకు అంచు చక్రానికి తగిలినప్పుడు ఫోర్కు క్షణంలో కుంగవలసి వస్తుంది. అప్పుడు ఆయిల్ రంధ్రాల్లోంచి పోలేక గడ్డకట్టినట్టు నిలబడుతుంది, ఆ దెబ్బ నేరుగా హ్యాండిల్‌కు వస్తుంది. ఫోర్కులకు అమ్మే 10డబ్ల్యూ ఆయిల్ 40 డిగ్రీల వేడి దగ్గర సుమారు 32 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) చిక్కదనంలో ఉంటుంది, 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ అదే వేడి దగ్గర 110 దాటుతుంది. అంటే రంధ్రాలు అవే ఉండగా, వాటిలోంచి మూడింతలకు పైగా చిక్కటి ద్రవాన్ని మీరిప్పుడు తోస్తున్నారు.

ఇక చప్పుడు. ‘టక్’మన్న ప్రతి చప్పుడూ ఒకటి కాదు, అది ఏ క్షణంలో వస్తుందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. స్పీడ్ బ్రేకర్ దిగి చక్రం నేలకు బలంగా తాకినప్పుడు వస్తే ఫోర్కు అడుగంటుతోందని అర్థం. స్పీడ్ బ్రేకర్ మీద నుంచి చక్రం గాల్లోకి తేలినప్పుడు వస్తే అది పై కొసకు వచ్చి తగులుతోంది. ఆయిల్ మరీ తక్కువైనా, డ్యాంపర్ రాడ్ తల కింద ఉండే చిన్న రీబౌండ్ స్ప్రింగు విరిగినా, డ్యాంపర్ రాడ్ రింగు అరిగినా ఇలా జరుగుతుంది. ఈ రెండూ కాక కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులైనప్పుడు కూడా అచ్చం ఇలాంటి చప్పుడే వస్తుంది. చాలామంది ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపి చూస్తారు. డ్రమ్ బ్రేకు ఉన్న బండిలో ఆ పరీక్షను పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే బ్రేకు ప్లేటు దాని ఆనిక దగ్గర కొంచెం ఆడినా అదే చప్పుడు వస్తుంది. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, వెనుక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం లేపండి. నేల మీద కూర్చుని రెండు బాటమ్‌లనూ యాక్సిల్ దగ్గర పట్టుకుని మీ వైపు లాగుతూ, మళ్లీ తోస్తూ ఉండండి, మరొకరిని కింది టీకి (రెండు ఫోర్కు పైపులనూ కలిపి పట్టి ఉంచే కింది దిమ్మకు), ఫ్రేముకు మధ్య సందులో వేలు పెట్టి చూడమనండి. కోన్ సెట్ వదులుగా ఉంటే అక్కడ కదలిక వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అది ఉంటే ముందు దాన్నే సరిచేయండి, లేకపోతే తర్వాతి కొలతలేవీ నమ్మదగ్గవి కావు. టైర్లలో గాలి కూడా బండి పుస్తకంలో రాసినంతే ఉంచండి. పంక్చర్ షాపులో అలవాటుగా రెండు చక్రాలకూ దండిగా కొట్టేసిన గాలి చాలాసార్లు ఫోర్కు తప్పుగా కనిపిస్తుంది.

తర్వాత పైపులు. ఇక్కడ తొందరపడకండి. ఈ వయసు బళ్లలో ఒక్కసారైనా కింద పడనిది, గోడకో గేదెకో తగలనిది అరుదు. పైపు ఒక మిల్లీమీటరు వంగినా కంటికి తెలియదు, ఫోర్కుకు తెలుస్తుంది. ఫోర్కులు విప్పినప్పుడు ఒట్టి పైపును మందపాటి గాజు పలక మీద దొర్లించి, పైపుకూ గాజుకూ మధ్య సందు మారుతోందేమో వెలుగుకు ఎదురుగా చూడండి. వంగిన పైపును సాగగొట్టి వాడడం కన్నా కొత్తది వేయడం మేలని నా అభిప్రాయం, అలా సరిచేసినవి మళ్లీ వంగడం నేను చూశాను.

తుప్పు గుంటల విషయంలో నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా నాన్నగారి పాత బండికి ఒక ఏడాదిలో రెండుసార్లు ఆయిల్ సీళ్లు మార్చాను, రెండుసార్లూ నెల తిరక్కుండానే కుడి వైపు ఆయిల్ కారింది. సీళ్లు నాసిరకమని అనుకున్నాను. మూడోసారి విప్పినప్పుడు, పైపును కిరోసిన్‌తో తుడిచి, బొటనవేలి గోరును పై నుంచి కిందికి నెమ్మదిగా లాగుకుంటూ పోతే, సీలు తిరిగే చోట ఆవగింజంత గుంట ఒకటి గోటికి తట్టింది. బండి ఎండలో నిలిపినప్పుడు అది మెరుపులో కలిసిపోయి కనబడలేదు. ఫోర్కు కుంగిన ప్రతిసారీ ఆ గుంట అంచు సీలు పెదవిని కోస్తూ వచ్చింది. గుంట సీలు తిరిగే చోటుకు పైన ఉంటే నూనె రాతితో అంచులు తీసి వదిలేయవచ్చు, సీలు దారిలో ఉంటే పైపు మార్చడమో హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమ్ పూత) చేయించడమో తప్పదు. సీలు ఎక్కించేటప్పుడు పైపు కొసకు పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి, దానికి ఫోర్కు ఆయిల్ రాసి సీలును జార్చితే పెదవి తెగదు.

పైపులు నేరుగా ఉన్నా బిగింపు తప్పైతే ఫోర్కు పట్టేస్తుంది. చక్రం మార్చిన ప్రతిసారీ యాక్సిల్ నట్టు ముందు బిగించి వెళ్లిపోవడం మన దగ్గర మామూలు. అలా చేస్తే రెండు బాటమ్‌లు ఒకదానివైపు ఒకటి లాగబడి సమాంతరం తప్పుతాయి. యాక్సిల్ నట్టు, కింది టీ బోల్టులు, మడ్‌గార్డు బోల్టులు కొంచెం వదులు చేసి, బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టకుండా చక్రాన్ని గోడకు ఆనించి ఐదారుసార్లు బలంగా కిందికి నొక్కి వదలండి. ఫోర్కులు తమంతట తాము కుదురుకుంటాయి. అప్పుడు కింది నుంచి పైకి వరుసగా బిగించండి. ఖర్చు లేని ఈ ఒక్క పనితోనే సగం గరుకుదనం పోయిన బళ్లు ఉన్నాయి.

ఇప్పుడు కొలతలకు వద్దాం. నాణేలు తీసేసి, స్ప్రింగు పైన మొదట ఉన్న వాషరు లేదా సీటు మాత్రమే ఉంచి మూత బిగించండి. మూత తీసేటప్పుడు జాగ్రత్త అవసరం: ముందు చక్రం నేల మీద ఆనకుండా లేపి ఉంచాలి, ముఖం మూతకు ఎదురుగా ఉండకూడదు, చివరి మరల దగ్గర మూతను అరచేతితో అదిమి పట్టాలి. కొన్ని బళ్లలో బోల్టు మూత ఉంటుంది, కొన్నింటిలో సీటును కిందికి నొక్కి వైరు సర్క్లిప్పు తీయాలి. రెండింటిలోనూ లోపలి స్ప్రింగు బలంగా తంతుంది.

చక్రం గాల్లో ఉండగా, డస్ట్ సీలు (బాటమ్ పై మూతి దగ్గర దుమ్మును ఆపే రబ్బరు) పై అంచు నుంచి కింది టీ అడుగు దాకా కనిపించే క్రోమ్ పొడవు కొలవండి. తర్వాత బండిని నేల మీద నిలిపి, మీరు రోజూ వేసుకునే బట్టలు, బూట్లు, హెల్మెట్‌తో ఎక్కి, రెండు కాళ్లూ ఫుట్ రెస్టుల మీద పెట్టి కూర్చోండి. వెనుక నుంచి ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి, మరొకరు కొలవాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఫోర్కును కిందికి నొక్కి నెమ్మదిగా పైకి రానిస్తే ఒక కొలత వస్తుంది, పైకి లేపి నెమ్మదిగా దిగనిస్తే మరో కొలత వస్తుంది. రెండూ ఒకటి కావు, ఎందుకంటే సీళ్ల రాపిడి ఫోర్కును తాను ఆగిన చోటనే పట్టి ఉంచాలని చూస్తుంది. రెండింటినీ రాసుకుని సగటు తీయాలి. ఉదాహరణకు గాల్లో 140 మి.మీ., మీరు కూర్చున్నప్పుడు ఒక పద్ధతిలో 102, మరో పద్ధతిలో 94 వచ్చాయనుకోండి. సగటు 98, కుంగినది 42 మి.మీ. రెండు కొలతలకూ మధ్య తేడా 8 మి.మీ. పాత బండికి అది ఒప్పుకోదగ్గదే. ఆ తేడా 15 దాటితే రాపిడి ఎక్కువగా ఉందని తెలుసుకుని మళ్లీ పైపుల దగ్గరకే వెళ్లాలి.

ఫోర్కు మొత్తం ప్రయాణం ఎంతో స్ప్రింగులు తీసేసినప్పుడు పై కొస నుంచి కింది కొసకు జరిపి మీరే కొలుచుకోవచ్చు. అది 115 మి.మీ. అనుకుంటే, రోడ్డు మీద నడిపే బండికి మనిషి కూర్చున్నాక అందులో మూడోవంతుకు కాస్త తక్కువ, అంటే 33 నుంచి 38 మి.మీ. దాకా కుంగడం మంచిది. చక్రం గుంటలోకి దిగాలంటే ఫోర్కు సాగడానికి ఆ మాత్రం జాగా ఉండాలి. పై లెక్కలో 42 వచ్చింది కాబట్టి స్ప్రింగు మీద 7 మి.మీ. స్పేసరు (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే గొట్టపు ముక్క) పెడితే కుంగడం 35కు వస్తుంది. చుట్ల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉన్న స్ప్రింగులో స్పేసరు ఎంత పెరిగితే కుంగడం అంతే తగ్గుతుంది. ఒక విషయం మనసులో పెట్టుకోండి: స్పేసరు స్ప్రింగును గట్టిపరచదు, బండి నిలబడే ఎత్తును మాత్రమే మారుస్తుంది. అందువల్ల బ్రేకు పట్టినప్పుడు కుంగే దూరం అంతే ఉంటుంది, కాకపోతే 7 మి.మీ. పైనుంచి మొదలవుతుంది కాబట్టి అడుగంటడం తగ్గుతుంది.

స్ప్రింగు మీ బరువుకు తగినదో కాదో చెప్పేది ఇంకొక కొలత. మనిషి లేకుండా బండి తన బరువుకు తాను ఎంత కుంగుతోందో చూడండి. 115 మి.మీ. ప్రయాణానికి 12 నుంచి 17 మి.మీ. ఉంటే స్ప్రింగు సరైనదే. మీరు కూర్చున్నప్పుడు 35 సరిగ్గా వచ్చేలా స్పేసరు పెట్టాక, మీరు దిగితే బండి పూర్తిగా లేచి పై కొసకు కొట్టుకుంటుంటే, స్ప్రింగు మీకు మెత్తన. బలవంతంగా నొక్కి పెట్టి పని చేయిస్తున్నారన్నమాట. కొత్త స్ప్రింగుల అవసరం అప్పుడే వస్తుంది. కొత్తవి కొన్నా పాతవి ఉంచినా రెండింటి విడి పొడవు పక్కపక్కన నిలబెట్టి చూడండి, రెండు మి.మీ. కన్నా తేడా ఉంటే జతగా మార్చాలి.

నాణేలు ఎందుకు తీయమన్నానంటే, అవి పైపు లోపలి వ్యాసానికి సరిపోవు, ఒక పక్కకు ఒరుగుతాయి, స్ప్రింగు కొస వాటిని గీకుతుంది, ఆ పొడి ఆయిల్‌లో కలిసి డ్యాంపర్ రాడ్ రింగునూ సీళ్లనూ తింటుంది. మందపాటి గోడ ఉన్న పీవీసీ పైపును సమంగా కోసి, కొసలు ఇసుక కాగితంతో నునుపు చేసి, పైనా కిందా ఒక్కో ఇనుప వాషరు పెట్టి వాడండి. రెండు వైపులా పొడవు ఒకటే ఉండాలి. మరీ పొడవాటి స్పేసరు పెట్టబోయే ముందు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి కడ్డీలా అయిపోతాయేమో లెక్కచూడండి. చుట్ల సంఖ్యను తీగ మందంతో గుణిస్తే పూర్తిగా నొక్కినప్పటి పొడవు వస్తుంది. స్ప్రింగు విడి పొడవులోంచి ముందు ఒత్తిడినీ మొత్తం ప్రయాణాన్నీ తీసేస్తే మిగిలేది దానికన్నా పది మి.మీ. అయినా ఎక్కువ ఉండాలి.

ఇక ఆయిల్. ఇంజిన్ ఆయిల్‌ను డ్రెయిన్ స్క్రూ తీసి వంపేస్తే సరిపోదు, అడుగున మడ్డి ఉండిపోతుంది. ఎన్నో ఏళ్లుగా విప్పని ఫోర్కును బోర్లించినప్పుడు వచ్చేది బూడిద కలిపిన నీళ్లలా ఉండి, వెలుగులో వెండి పొడిలా మెరుస్తుంది. ఆ మెరుపు బాటమ్ అరిగి రాలిన అల్యూమినియం. అలెన్ బోల్టు తీసి, డ్యాంపర్ రాడ్ బయటకు లాగి, రంధ్రాలను కిరోసిన్‌తో కడిగి గాలి కొట్టండి. అలెన్ బోల్టు తిప్పుతుంటే డ్యాంపర్ రాడ్ కూడా దాంతోపాటు తిరుగుతుంది. అందుకే స్ప్రింగు, మూత ఇంకా లోపలే ఉండగా, ఫోర్కును నొక్కి పట్టి ఆ బోల్టును ముందే వదులు చేసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు దాని కింది రాగి వాషరు కొత్తది వేయండి.

మీ బండికి 10డబ్ల్యూ ఫోర్కు ఆయిల్‌తో మొదలుపెట్టండి. ఒక కంపెనీ 10డబ్ల్యూ మరో కంపెనీ 10డబ్ల్యూ ఒకటిగా ఉండవు, కాబట్టి డబ్బా మీద లేదా కంపెనీ పత్రంలో 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్‌ల అంకె చూసి కొనండి, తర్వాత మార్చినా ఆ అంకెతోనే పోల్చుకోండి. రామగుండం వైపు మే నెల ఎండలో మధ్యాహ్నం నడిపినప్పుడు అదే ఆయిల్ పలచబడి, ఫోర్కు గతుకు దాటాక రెండుసార్లు ఊగితే, 15డబ్ల్యూకు వెళ్లవచ్చు. అంతకు మించి చిక్కదనం ఈ బరువు బండికి అవసరమైన సందర్భం నాకు తారసపడలేదు.

ఎంత పోయాలన్నదానికి బండి పుస్తకంలో మిల్లీలీటర్లు ఉంటాయి, కానీ నేను మట్టంతోనే సరిచూస్తాను. స్ప్రింగు బయటే ఉంచి, ఆయిల్ పోసి, ఫోర్కును పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, గాలి బుడగలు పోయేదాకా పది నిమిషాలు ఆగి, పూర్తిగా కిందికి నొక్కి, నిటారుగా పట్టుకుని, పైపు పై అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవండి. రెండు ఫోర్కులలోనూ మట్టం ఒకటే రావాలి. పుస్తకంలోని మిల్లీలీటర్లు పోసి వచ్చిన మట్టాన్ని రాసుకుని, అక్కడి నుంచి సవరించుకోండి.

ఆయిల్ పైన చిక్కుకున్న గాలి కూడా ఒక స్ప్రింగే అని చాలామందికి తట్టదు. ఒక లెక్క వేసి చూపిస్తాను. పైపు బయటి వ్యాసం 30, లోపలి వ్యాసం 26 మి.మీ., ప్రయాణం 115 మి.మీ., పూర్తిగా కుంగినప్పుడు ఆయిల్ పైన 140 మి.మీ. గాలి ఉందనుకోండి. అప్పుడు లోపలి గాలి పీడనం మొదటిదానికి సుమారు 2.1 రెట్లవుతుంది. మట్టాన్ని 30 మి.మీ. పెంచితే, అంటే ఒక్కో ఫోర్కులో సుమారు 16 మిల్లీలీటర్లు కలిపితే, అది 2.4 రెట్లవుతుంది. సగం ప్రయాణం దగ్గర మాత్రం 1.35 నుంచి 1.41కి, అంటే నామమాత్రంగానే మారుతుంది. చిన్న గతుకుల మీద మెత్తదనం పోకుండా అడుగంటడాన్ని మాత్రమే ఆపే మార్గం ఇదే, మీకు కావలసిందీ ఇదే. ఒకసారికి 5 మిల్లీలీటర్లకు మించి కలపవద్దు. హద్దు దాటితే గాలికి చోటు లేక సీలు బయటకు తన్నుకొస్తుంది.

ఆ తర్వాత ఒకే స్పీడ్ బ్రేకర్ మీద, ఒకే వేగంలో, ఒకసారి ఒక మార్పుతోనే పరీక్షించండి. క్రోమ్ పైపుకు ఒక జిప్ టై వదులు కాకుండా చుట్టి, డస్ట్ సీలును ఆనించి పెడితే, ఫోర్కు ఎంత దూరం కుంగిందో అది మీకు చూపిస్తుంది. రోజూ తిరిగే దారిలో గట్టిగా బ్రేకు పట్టి వచ్చాక కూడా జిప్ టైకి, ప్రయాణం చివరకు మధ్య పది మి.మీ. మిగిలి ఉంటే మట్టం చాలు. వెనుక మనిషిని ఎక్కించుకుంటే భారంలో ఎక్కువ పాలు వెనుక చక్రానికే పోతుంది కాబట్టి ముందు స్పేసరును దానికోసం మార్చవద్దు. ఇంత చేశాక కూడా ముందు బ్రేకు పట్టినప్పుడు బండి కొంత వంగుతుంది, బరువు ముందుకు పడినప్పుడు ఈ రకం ఫోర్కు అలాగే ఉంటుంది. అది సాఫీగా దిగి, ఒక్క ఊపులో లేచి నిలబడితే పని సరిగ్గా జరిగినట్టే. ఐదు వందల కిలోమీటర్ల తర్వాత రెండు బాటమ్‌ల అడుగున అలెన్ బోల్టుల చుట్టూ వేలితో తడిమి తడి లేదని చూసుకుని, కుంగే కొలత ఇంకోసారి తీయండి. కొత్త స్ప్రింగులు వేసి ఉంటే అవి ఈపాటికి ఒకటి రెండు మి.మీ. సర్దుకుని ఉంటాయి, స్పేసరును అంతమేరకు పెంచుకోవాలి.